పాస్టరమ్మగారి తులిప్ దుంపలు

మా పాస్టరమ్మగారు పోయిన మంగళవారం ఉదయం ప్రభువునందు నిద్రించారు. ఆస్పత్రి నుంచి పాస్టరుగారు ఫోన్ చేసేసరికి నేను ఆఫీసుకి బయల్దేరుతున్నాను. బహ్రెయిన్‌కి వచ్చిన కొత్తలో పిలిచి అన్నం పెట్టిన మనిషి. ఏడవకుండా రాద్దామనుకున్నాను గానీ కుదిరేట్టు లేదు.

మహూజ్‌లో వాళ్ళది కింది వాటా. ఇంటి ముందున్న కాస్త జాగాలోనే, ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం, మా తెలుగువాళ్ళ ఆరాధన. ప్రార్థన బల్ల మీద ఎప్పుడూ ప్లాస్టిక్ పూలే. దుమ్ము పడితే కడిగి మళ్ళీ పెట్టేవాళ్ళం. ఓ ఏడాది అవి చూసి ఆమెకి ఒళ్ళు మండింది. "మరణాన్ని జయించినాయన పండక్కి ప్రాణంలేని పూలేంటమ్మా? ఈస్టరుకి నా చేత్తో పెంచిన పూలే పెడతాను, చూస్తా ఉండు" అన్నారు.

బజారు నుంచి తులిప్ దుంపలు తెచ్చారు. అట్ట మీద ఎర్రటి పూల బొమ్మ. చలిదేశపు మొక్క ఇక్కడెలా వస్తుందండీ అని నేను నవ్వాను. నవ్వినట్టే అయింది. తెచ్చినవి తెచ్చినట్టు ఇంటి ముందు కుండీల్లో పెడితే ఒక్కటీ పైకి రాలేదు. పాతే ముందు ఆ దుంపకి కొన్ని వారాలు చలి తగలాలట. మరుసటి ఏడు ఫ్రిజ్‌లో కూరగాయల అర మొత్తం దుంపలకి ఇచ్చేశారు. బయట వంకాయలు వాడిపోతున్నా, పాస్టరుగారు పెరుగు గిన్నె పట్టుకుని చోటు కోసం తిరుగుతున్నా ఆమె కరగలేదు. "వాటి నిద్ర చెడగొట్టకండి" అనేవారు.

అవీ రాలేదు. ఈసారి తవ్వి చూశారు. మట్టంతా బురద. దుంపలు మెత్తబడి కుళ్ళు కంపు కొడుతున్నాయి. ఆమె పోసింది చాలా తక్కువ నీళ్ళు. మరి ఎవరు పోశారని ఆరా తీస్తే, అందరూనూ! ఆరాధన అయ్యాక ఇంటికెళ్ళే ప్రతివాళ్ళూ సీసాలో మిగిలినవి ఆ కుండీల్లో వంపి వెళ్తున్నారు. తుబ్లీలో కూలీల క్యాంపు నుంచి వచ్చే నిజామాబాద్ తమ్ముడైతే వాటి కోసమే సీసా నింపుకొచ్చేవాడు.

"మట్టి ఎండి కనవడ్డదమ్మా. దినమంత ఎండల పనిజేసేటోన్ని, సూసుకుంట పోబుద్ధి కాలే" అన్నాడు తల వంచుకుని.

ఆమె మండిపడతారనుకున్నాం. అతని వేలు పట్టుకుని మట్టిలోకి గుచ్చారు. "పైపైన చూసి మోసపోకు నాయనా. లోపల తడుందా లేదా? దాహం నీకు, దానికి కాదు." అతనికి నవ్వొచ్చింది. ఆమె ఆ సాయంత్రమే మట్టి ఆరబోసి, ఇసుక కలిపి, కుండీల అడుగున కన్నాలు పెద్దవి చేయించారు.

ఈ చలికాలం ఆమెకి జబ్బు ముదిరింది. అయినా కుర్చీ వేయించుకుని, ఫ్రిజ్‌లోంచి తీసిన కొత్త దుంపలు ఒక్కొక్కటీ తానే పాతారు. "పూసేదాకా ఉంటానో లేదో. బల్ల మీద మళ్ళీ ప్లాస్టిక్ పూలు పెట్టారో, మీ సంగతి చెప్తా" అని నన్ను బెదిరించారు. ఎక్కడి నుంచి చెప్తారని అడగలేకపోయాను.

మొన్న శుక్రవారం, ఆమె లేని మొదటి ఆరాధన. దుంపలు ఇంకా మొలవలేదు. మొలవకపోతే వచ్చే ఏడు మళ్ళీ పెడతాం. మా ఇంటి ఫ్రిజ్‌లో అర ఖాళీ చేయిస్తాను, ఎవరేమన్నా సరే.

అందరూ లేచాక నిజామాబాద్ తమ్ముడు సీసాతో కుండీ దగ్గరికి వెళ్ళి మూత తీశాడు. వంగి మట్టిలో వేలు గుచ్చాడు. వేలికి తడి మట్టి అంటుకొచ్చింది. తర్వాత ఆ నీళ్ళు గటగటా తానే తాగేసి, కళ్ళు తుడుచుకుంటూ బస్సు వైపు నడిచాడు.