నల్ల పైత్యం

నా చిన్నప్పుడు, తెల్లవాళ్ల కాలంలో, మైదుకూరు దగ్గర మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయిన ఎండాకాలం ఒకటుంది. పొత్తిళ్లలోని తమ్ముడు చనిపోయాక అమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టడం మానేసింది. రాట్నం ముందు కూర్చునేది, చెయ్యి కదిలేది కాదు. కండె లేనిదే నాయన నేసేదేముంది? నేను పిలిచినా అమ్మ నా వైపు చూసేది కాదు. నాకు అన్నిటికన్నా అదే భయంగా ఉండేది.

దయ్యం పట్టిందని వీధంతా తేల్చేశారు. వాళ్ల నోళ్లకు వేరే పనేముంది! మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, అమావాస్యనాడు అమ్మను భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలని నిశ్చయించింది. ఆయన వేపమండలతో కొట్టి, మిరపకాయల పొగ పెడతాడు. వెనకవీధి కోడలు అక్కడినుంచి వచ్చి చాన్నాళ్లు మంచం దిగలేదు.

అమావాస్యకు ముందురోజు కడప నుంచి మా మేనమామ వచ్చాడు. బడిలో ఇంగ్లీషు చెప్పే మనిషి. దయ్యాలు లేవని మా అవ్వతో వాదించి గెలిచినవాడు ఊళ్లో లేడు. ఆయన అసలు వాదించనే లేదు.

"అత్తా, ఇంగ్లీషులో ఈ జబ్బు పేరు మెలంకలీ" అన్నాడు.

"అంటే ఏందప్పా?"

"నల్ల పైత్యమని. శానా పాత గ్రీకు మాట. ఒంట్లో పైత్యం నల్లబడితే మనుషులు ఇట్ల దిగులుపడి కూచుంటారని ఆ దేశపు వైద్యులు చెప్పినారు."

అవ్వకు దయ్యమంటే భయం గానీ పైత్యమంటే లెక్కలేదు. "పైత్యమా! ముందే చెప్పకూడదా? పైత్యానికి ఎవురన్నా కొట్టిస్తారా?" అంటూ ధనియాల కషాయం కాచడానికి లేచింది.

అమావాస్య వచ్చింది, పోయింది. ఎవరూ బండి కట్టలేదు. రోజూ పొద్దున్నే అవ్వ అమ్మను పీటమీద కూర్చోబెట్టి నడినెత్తిన ఆముదం మర్దించేది. కాపురానికి వచ్చాక అమ్మ తలమీద అత్త చెయ్యి పడడం అదే మొదలు. ఒకరోజు మర్దిస్తూనే, "వాడు నీ ఒక్కదానికే పోయినాడా? నాకూ పోయినాడు కదే" అంది. అంతే, అమ్మ బోరుమంది. తమ్ముడు పోయాక ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

పూర్తిగా బాగైందని అబద్ధం చెప్పను. కండెలు మళ్లీ చుట్టింది. కానీ దారం చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయే రోజులు చివరిదాకా వచ్చేవి.

ఒంట్లో నల్ల పైత్యమనేదే లేదట. ఇంగ్లీషువాళ్లు ఆ నమ్మకం ఎప్పుడో వదిలేసి మాట మాత్రం ఉంచుకున్నారని చాలా ఏళ్లకు మామే నాతో చెప్పాడు. ఆ రోజు అవ్వకు ఆ ముక్క మాత్రం చెప్పలేదు, గట్టివాడు!

ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా దిగులుగా కూర్చుంటే ఏమైందని నేను అడగను. ఆముదం గిన్నె తెచ్చుకుని వెనక కూర్చుంటాను. వాసనని గొణుగుతారు గానీ, తల మాత్రం పక్కకు తీసుకోరు.