నా చేతికి సరిపోయిన తుపాకీ

మలేషియాలో, తెలుక్ ఇంటాన్‌లో మాది చిన్న నగల కొట్టు. మా మామగారు ఎస్టేటు పని వదిలేసి, ఒక తమిళ ఆచారి దగ్గర పని నేర్చుకుని పెట్టిన కొట్టది. చుట్టుపక్కల పామాయిల్ ఎస్టేట్లలో ఉన్న మన తెలుగువాళ్ళు పుస్తెలకైనా, మెట్టెలకైనా, పిల్లల చెవిపోగులకైనా మా దగ్గరికే వస్తారు. నగలు చేసేది మా ఆయన. కౌంటర్ చూసుకునేది నేను.

ఒక మధ్యాహ్నం ఇద్దరు హెల్మెట్లు తియ్యకుండానే లోపలికి వచ్చారు. ఒకడు సంచిలోంచి పరాంగ్ కత్తి తీశాడు. నేను నెత్తిన చేతులు పెట్టుకుని నేల మీద కూలబడ్డాను. మా ఆయన మాత్రం అద్దాల పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టారు. కత్తి ఆ చేతి మీదే పడింది. వాళ్ళు దొరికినంత ఊడ్చుకుపోయారు. పోయిన నగల సంగతి తర్వాత ఎప్పుడో మరిచిపోయాం. ఆయన చెయ్యి మాత్రం మునుపటిలా కాలేదు. గాయం మానింది కానీ కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ సరిగ్గా కలవవు. పట్టకారుతో సన్నపని చెయ్యలేరు. రోజంతా పనిబల్ల దగ్గర కూర్చుని గుమ్మం వైపే చూస్తుండేవారు. గుమ్మానికి మీట నొక్కితేనే తెరుచుకునే కరెంటు తాళం పెట్టించినా ఆ చూపు తగ్గలేదు. రాత్రిళ్ళు నిద్ర లేదు.

నగల కొట్ల వాళ్ళకు పోలీసులు తుపాకీ లైసెన్సు ఇస్తారని మాకు తెలుసు. ఆయన చెయ్యి పనికిరాదు కాబట్టి నా పేరున అడిగాం. విచారణలూ, ఇంటికి వచ్చి చూడడాలూ అయ్యి, చాలా నెలలకు సరేనన్నారు. అప్పుడు ఇద్దరం కారులో ఇపో వెళ్ళాం, తుపాకీ ఎంచుకోవడానికి.

ఆ దుకాణం ఆయన ముసలి చైనావాడు. మలయ్‌లో నెమ్మదిగా మాట్లాడాడు. తుపాకీల గురించి ఒక్క మాట చెప్పకముందే నా చేతులు చూపించమన్నాడు. ఎప్పుడో మోటారుసైకిలు మీంచి పడి నా కుడి మణికట్టు విరిగింది. అతికింది కానీ బలం రాలేదు. ఆయన నా అరచేతిలో తన రెండు వేళ్ళు పెట్టి గట్టిగా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.

మా ఆయనకు పెద్దది కావాలి. చూడగానే దొంగ గుండె ఆగిపోవాలి, అంతే. ముసలాయన అలాంటిదొకటి నా చేతికిచ్చాడు. పైనున్న ఇనప స్లైడు వెనక్కి లాగితేగాని తూటా లోపలికి ఎక్కదట. ఎంత లాగినా నాకు సగం కూడా రాలేదు. రివాల్వర్‌కి ఆ లాగే పని లేదన్నాడు గానీ దాని ట్రిగ్గర్ బిగువు. రెండు వేళ్ళతో నొక్కాల్సి వచ్చింది. అప్పుడు నేనే అద్దాల్లో ఉన్న అన్నిటికంటే బుల్లిదాన్ని చూపించాను. హ్యాండ్‌బ్యాగులో పట్టేస్తుంది, తేలిగ్గా ఉంటుంది, నాకిదే బాగుంటుందనుకున్నాను. ముసలాయన నవ్వాడు. తుపాకీ ఎంత తేలికైతే పేలినప్పుడు అంత గట్టిగా వెనక్కి తన్నుతుందని, ఆ తన్నును మింగడానికి కాస్త బరువు ఉండాలని చెప్పాడు. చిన్నదాన్ని చూసి అందరు ఆడవాళ్ళూ ఇలాగే మోసపోతారట.

చివరికి మధ్యరకం రెండు బయట పెట్టాడు. రెండూ ఉక్కువి, చిన్న తూటావి. పిడి అరచేతి నిండా కూర్చుంటుంది. స్లైడు నా చేతికి కూడా సులువుగా వచ్చింది. ఒకదానికి పక్కన చిన్న మీట ఉంది. దాన్ని కిందికి దించితేగాని పేలదు. ఆ మీట నా బొటనవేలికి బిగువుగా తగిలింది. రెండోదానికి మీట లేదు. తియ్యడం, నొక్కడం, అంతే. భయం వేసినప్పుడు మీట సంగతి ఎవరికి గుర్తుంటుంది అనిపించింది. రెండోదే కావాలన్నాను. ముసలాయన దీనికి నీ వేలే మీట అన్నాడు. కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ దగ్గరికి రాకూడదు, బయట చాచి పెట్టుకోవాలి అని నా వేలు పట్టుకుని చూపించాడు. బయటికి వస్తుంటే మళ్ళీ అదే చెప్పాడు.

షూటింగ్ రేంజిలో మొదటిసారి కాల్చినప్పుడు చప్పుడుకి అదిరిపోయాను గానీ చెయ్యి అదరలేదు. చంటిపిల్లాడు అరచేతిలో కొట్టినట్టుంది, అంతే. కాగితం మీద తూటాలన్నీ దగ్గరదగ్గరగా పడ్డాయి. నేర్పించే ఆయన బాగుందన్నాడు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. తిరిగొచ్చే దారిలో ఆగి భోజనం చేశాం. ఆ దొంగతనం తర్వాత మా ఆయన నవ్వడం ఆ రోజే చూశాను.

"ఇంక ఎవులొస్తారో రానీ లా," అన్నారు, ఇక్కడివాళ్ళ అలవాటులో చివర 'లా' కలిపి.

ఆ రాత్రి ఆయన నిద్రపోయారు. అది నిజం. దాన్ని కూడా రాయాలి.

నేను కొట్లో బాజు కురుంగ్ వేసుకుంటాను. ఆ వదులు చొక్కా కింద నడుముకి తుపాకీ ఉందని ఎవరికీ తెలిసేది కాదు. కానీ అది నన్ను మార్చింది. మునుపు ఎవరు వచ్చినా ముఖం చూసి పలకరించేదాన్ని. ఇప్పుడు ముందు చేతులు చూసేదాన్ని. ఎస్టేటు ఆడవాళ్ళు ఫ్యాను కింద కూర్చుని ఊసులాడుతూ చీర చెంగులో ఏదో వెతుక్కుంటే నా మాట ఆగిపోయేది. అలా చూస్తున్నానని నాకు తెలుసు. జాగ్రత్త మంచిదే కదా అని సర్దిచెప్పుకున్నాను.

వానాకాలంలో ఒక సాయంత్రం ఉరుములకు కరెంటు పోయింది. గుమ్మం తాళం దానంతటదే వదిలేసింది. మేమది గమనించలేదు. తలుపు తోసుకుని ఒక మనిషి గబగబా లోపలికి వచ్చాడు. నల్ల అద్దం దించిన హెల్మెట్, పొడుగు వానకోటు. వస్తూనే కోటు లోపలికి చెయ్యి పెట్టాడు.

నేను ఆలోచించలేదు. ఇంత సులువుగా చేతిలోకి వస్తుందనే కదా దాన్ని ఎంచుకున్నది. వచ్చేసింది. రెండు చేతులతో అతని గుండెకి గురిపెట్టి నిలబడ్డాను.

అతను చేతులు పైకెత్తాడు. ఒక గుప్పిట్లో చిన్న ప్లాస్టిక్ సంచి ఉంది. వానకోటు మీంచి నీళ్ళు నేల మీద కారుతున్నాయి.

"అక్కా, నానే. గొలుసు తెగిపోనాది."

గొంతు గుర్తుపట్టాను. ఊరి బయట ఎస్టేట్లో పామాయిల్ గెలలు కోసే మనిషి. కూతురి చెవిపోగులు మా దగ్గరే చేయించాడు. వెనకనుంచి మా ఆయన దించమంటున్నారు. దించబోతూ నా చెయ్యి చూసుకున్నాను. వేలు లోపల ఉంది. ట్రిగ్గర్ మీద ఉంది. ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలియదు.

తుపాకీ బల్ల మీద పెట్టేశాను. అతను ఇంకా చేతులు దించలేదు. దించమని నేను చెప్పాల్సి వచ్చింది. సంచి అద్దాల పెట్టె మీద పెట్టి, రేపొస్తానని వానలోకి వెళ్ళిపోయాడు. హెల్మెట్ తియ్యలేదు. అతని ముఖం ఎలా ఉందో నేను చూడలేదు.

"నీ తప్పేటుంది?" అన్నారు మా ఆయన. "అలాగొస్తే ఎవులైనా అంతే." అన్నారు గానీ ఆ గొలుసు తీసుకుని, ఎడమచేతి సాయంతో తంటాలు పడుతూ తనే అతికించారు. అది అతని భార్య పుస్తెల గొలుసు. వేలి సంగతి ఆయనకు చెప్పలేకపోయాను.

మర్నాడు అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఆదివారం గొలుసు తీసుకుని నేనే కారులో ఎస్టేటు లైన్లకు, ఆ కూలీల ఇళ్ళ వరసలకు వెళ్ళాను. వాళ్ళావిడ మెడలో ఉత్త పసుపుతాడుతో గుమ్మంలోకి వచ్చింది.

"మీరే తెచ్చినారేటక్కా, ఇంత దూరం?" అంటూ పట్టరాని సంతోషంతో లోపలికి తీసుకెళ్ళి కుర్చీ తుడిచి వేసింది.

ఆమెకేమీ తెలియదు. అతను చెప్పలేదు. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. గోడకానుకుని నిలబడ్డ అతను నావైపు చూసి, వద్దన్నట్టు తల కొంచెం ఆడించాడు. టీ తాగాను. గొలుసు బాగా అతికిందని ఆమె మా ఆయన్ని మెచ్చుకుంది.

అతను కారుదాకా వచ్చాడు. ఇంట్లో చెబితే ఆవిడ ఇంక కొట్టుకి వెళ్ళనివ్వదని, కూతురికి చెప్పి ఏడుస్తుందని అన్నాడు. ఆ రోజు సగం దారిలో బండి ఆపి వానలోనే కూర్చుండిపోయాడట. ఇదంతా నన్ను నిందిస్తున్నట్టు చెప్పలేదు. తన బలహీనత ఏదో చెప్పుకుంటున్నట్టు చెప్పాడు.

నేనింక ఉండలేకపోయాను. "నా వేలు ట్రిగ్గర్ మీదున్నాది అన్నా," అన్నాను.

అతను గెలల బండి పోతున్న రోడ్డు వైపు చూశాడు.

"తెలుసక్కా. నాను సూసినాను."

క్షమించమన్నాను. ఆ మాట ఇంక ఎత్తకండని, పొద్దుపోతోంది బయల్దేరమని చెప్పి, కారు తలుపు తనే మూశాడు.

తుపాకీ, లైసెన్సు రెండూ పోలీసులకు తిరిగి ఇచ్చేశాను. ఎందుకని అడిగిన పోలీసు అధికారికి మణికట్టు నొప్పి అని చెప్పాను. నిజం చెబితే ఆ మనిషిని కూడా స్టేషనుకు పిలుస్తారనుకున్నాను. అది అతని కోసం చెప్పిన అబద్ధమో, నా కోసం చెప్పిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

మా ఆయన గుమ్మానికి రెండో ఇనప తలుపు పెట్టించారు. వచ్చినవాళ్ళను బయటే నిలబెట్టి, ముఖం చూశాకే తెరుస్తారు. ఆయనకు మళ్ళీ నిద్ర లేకుండా పోయింది. పక్కన పడుకుని ఆయన మేలుకుని ఉన్న సంగతి తెలుస్తూనే ఉంటుంది. ఆయన నిద్ర నేనే తీసుకెళ్ళి ఇచ్చేసి వచ్చాను కదా అనిపిస్తుంది. తుపాకీ మళ్ళీ తెచ్చుకుందామా అని అడగబోయి ఆగిపోతాను.

అతను వస్తూనే ఉంటాడు. ఎంత వానలోనైనా హెల్మెట్ రోడ్డు మీదే తీసేసి, రెండు చేతులూ కనబడేలా పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడతాడు. అలా వద్దని చెప్పాను. ఉండనీండక్కా అంటాడు.

వాళ్ళావిడ మొన్న గుళ్ళో కనబడింది. పెరట్లో తవ్విన కర్రపెండలం దుంపలు నాకోసం సంచి నిండా తెచ్చింది. నలుగురు ఆడవాళ్ళ ముందు నా చెయ్యి పట్టుకుని, గొలుసు ఇవ్వడానికి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మనిషని, ఇలాంటి మనసు ఎవులికుంటాదని చెప్పింది. ఆమె పట్టుకున్నది నా కుడి చెయ్యి. నేను వదిలించుకోలేదు. దుంపలు ఇంటికి తెచ్చి వండాను.