అక్క గుంట మీద నా బోర్డు

వాకాడు దగ్గర మా అక్కకు రొయ్యల గుంట ఒకటుంది. బావ ముత్తుకూరులో కరెంటు ప్లాంటు షిఫ్టులతో సరిపోతాడు కాబట్టి గుంట భారమంతా ఆమెదే. మబ్బు పడితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు ఏరియేటర్లు వేసి నీటిని చిలకకపోతే రొయ్యలు బతకవు. పోయిన పంటలో అక్క తెల్లవారుజామున కాస్త కునుకు తీసింది. లేచేసరికి కట్ట వెంబడి చచ్చిన రొయ్యలే. అప్పటి నుంచి ఆమెకు మబ్బంటే భయం.

ఈసారి అల్పపీడనం వార్త వినగానే, సగం కూడా ఎదగని రొయ్యల్ని పట్టించేస్తానంది. నేను అడ్డం పడ్డాను. అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డును ఆక్సిజన్ మీటరుకు తగిలిస్తే, అవసరమైనప్పుడు ఏరియేటర్‌ను అదే వేస్తుందని గొప్పలు పోయాను. మధ్యాహ్నంలోగా ఆ బోర్డు లేచి పని మొదలుపెడితే పంట ఉంచుతానని, లేకపోతే వల వేయిస్తానని అక్క తేల్చి చెప్పింది.

పొద్దున్నే షెడ్డులో మేత బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. బోర్డును నడిపేది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్, అందులో అన్నిటికన్నా ముందు లేవాల్సింది కెర్నల్ అనే మూల భాగం. ఆ బోర్డుకు సరిపడేలా దాన్ని నేనే తయారుచేసి మెమరీ కార్డులోకి ఎక్కించాను. కరెంటు ఇవ్వగానే, కెర్నల్‌ను లేపే చిన్న ప్రోగ్రాం అది మొదలవుతోందని తెర మీద ఒక వరుస చూపిస్తుంది. ఆ తర్వాత ఇంకేమీ రాదు. వైరు పీకుతాను, ఏదో ఒకటి మారుస్తాను, మళ్లీ పెడతాను. అదే వరుస, అదే ఖాళీ.

గుంటల మీద పెరిగినవాళ్లకు ఒక అలవాటుంటుంది. ఏరియేటర్ల చప్పుడు వినిపిస్తున్నంతసేపు ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. అది ఆగిందా, చేతిలో ముద్ద వదిలేసి కట్ట మీదికి పరిగెత్తుతారు. చప్పుడు లేదంటే రొయ్యల పని అయిపోయినట్టే. నా చెవీ అలాంటిదే, ఎంత చదివినా మారలేదు. బోర్డు నోరు మెదపకపోతే నిమిషం కూడా ఆగకుండా వైరు పీకేసేవాణ్ని.

మధ్యాహ్నం అక్క వచ్చి వాకిట్లో నిలబడింది. లేవలేదని చెప్పాను. ఆమె అక్కడి నుంచే రొయ్యల వ్యాపారికి ఫోన్ చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. బోర్డును విప్పడానికి కూడా మనసొప్పక, కరెంటు అలాగే వదిలేసి అన్నానికి పోయాను.

సాయంత్రం మనుషులు గుంటలో దిగారు. వలకు అడ్డం లేకుండా ఏరియేటర్లన్నీ ఆపేశారు. వల లాగేకొద్దీ అడుగు బురద లేచి నీళ్లు నల్లబడ్డాయి. ఉన్నట్టుండి అవతలి మూల ఏరియేటర్ తిరగడం మొదలుపెట్టింది. ఎవరు వేశారని వల లాగేవాళ్లు కేకలు పెట్టారు. ఎవరూ వేయలేదు. బోర్డుకు నేను కలిపింది ఆ ఒక్కదాన్నే.

షెడ్డులోకి పోయి వెతికితే సంగతి బయటపడింది. కెర్నల్ పొద్దున్నుంచీ సరిగ్గానే లేస్తోంది. దాని సమాచారం ఏ తీగ మీద రావాలో రాసేచోట నేను పక్క తీగ పేరు రాశాను. తెర మీదికి దాని మాట ఒక్క ముక్క రాకపోయినా, ఆక్సిజన్ తగ్గగానే అది చేయాల్సింది చేసింది.

అక్క నా వెనకే వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పాను. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను. బయట రొయ్యల్ని ఐసు పెట్టెల్లో పోస్తున్నారు.

"మాట్లాడకపోయినా పని చేస్తానే ఉండిందా?" అంది అక్క.

ఉండిందన్నాను.

"మరి అన్నిసార్లు ఎందుకు పీకినావు అబ్బయ్యా?"