లెషెక్ గారి నాటకం మీద వాల్టర్ పేరు

లెషెక్ గారు డైరెక్ట్ చేసిన నాటకానికి వాల్టర్ తన పేరు వేసుకున్నాడు. ఇది పొరపాటు కాదు, అచ్చుతప్పు కాదు. దొంగతనం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరికి దాస్తే, వినేవాళ్ళు "అటువైపు కూడా ఏదో కారణం ఉండే ఉంటుందిలెండి" అంటారు. అటువైపు ఏ కారణమూ లేదు.

1981-82 చలికాలంలో నేను అమెరికాలో మిల్వాకీ ఊళ్ళో ఒక నాటకశాలకు స్టేజ్ మేనేజర్‌ని. నా భార్య సుశీల నర్సు. ఆమె ఉద్యోగం పుణ్యమా అని ఆమె వెనకాల అమెరికా వచ్చినవాణ్ణి. పదో తరగతి తప్పాను. తెనాలిలో పరిషత్తు నాటకాలకు పదేళ్ళు ప్రాంప్టింగు చెప్పాను. ఆ ఒక్క అర్హతతో ఇక్కడ సెట్లు మోసే పనిలో చేరి, పబ్లిక్ లైబ్రరీలో దొరికిందల్లా చదివి, నాలుగేళ్ళకి ఆ కుర్చీ ఎక్కాను.

ఆ కుర్చీ ఏమిటో ఇప్పుడు మేముండే కమ్మింగ్ ఊళ్ళో మా తెలుగు చర్చిలో క్రిస్మస్ నాటిక వేసే పిల్లలు అడుగుతుంటారు. "అంకుల్, మీరు యాక్ట్ చేసేవాళ్ళా, డైరెక్ట్ చేసేవాళ్ళా?" రెండూ కాదు. రిహార్సల్లో డైరెక్టర్ చెప్పిన ప్రతి కదలికనీ, ఎవరు ఏ మాట దగ్గర లేవాలి, గ్లాసు ఏ చేత్తో పట్టుకోవాలి అన్నది కూడా, స్టేజ్ మేనేజర్ పెన్సిల్‌తో ఒక పుస్తకంలో రాస్తాడు. దాన్ని ప్రాంప్ట్ బుక్ అంటారు. ప్రదర్శన నడిచేటప్పుడు హెడ్‌సెట్లో నేను "నలభై రెండు, గో" అంటేనే నలభై రెండో లైటు మారుతుంది. తొలి ప్రదర్శనతో డైరెక్టర్ పని అయిపోతుంది. ఆ తరవాత నాటకాన్ని ఆయన పెట్టినట్టే నిలబెట్టే పూచీ నాది.

లెషెక్ గారు పోలండులో ఇరవై ఏళ్ళు నాటకాలు ఆడించిన మనిషి. ట్రాము కండక్టరు కొడుకు. తోలుబొమ్మల థియేటర్లో తెరలకు రంగులు వేస్తూ మొదలుపెట్టి, బట్టల మిల్లులున్న ఒక ఊళ్ళో సొంత బృందం నిలబెట్టుకున్నారు. మా దగ్గరికి ఒక్క నాటకం కోసం గెస్ట్ డైరెక్టర్‌గా వచ్చారు. వచ్చిన కొద్ది వారాలకే వాళ్ళ దేశంలో సైనిక పాలన పెట్టారు. అక్కడ బృందం మూతపడింది. ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు.

మా థియేటర్లో స్వీపరు దగ్గర్నుంచి ఆర్టిస్టిక్ డైరెక్టర్ వాల్టర్ దాకా అందరూ ఒకరినొకరు ఒట్టి పేరు పెట్టి పిలుచుకునేవారు. నాకూ ఆయనకీ మాత్రం అది నోటికి రాలేదు. వాళ్ళ భాషలో పేరుకు ముందు 'పాన్' అని పెడతారు, మన 'గారు' లాగే. మొదటివారం నేను "పాన్ ప్రసాద్"ని. మన మాట ఏమిటని అడిగి తెలుసుకున్నాక "ప్రసాద్ గారూ" అనడం మొదలుపెట్టారు. వాల్టర్ అది విని, "గారు అంటే మీ ఇంటిపేరా?" అన్నాడు.

నాటకంలో ఒక తల్లి, కూతురు, అల్లుడు. జైలు నుంచి ఆ రాత్రి కొడుకు విడుదలై వస్తాడని ఎదురుచూస్తుంటారు. రాడు. చివర తల్లి అతని కంచం కూడా పెట్టి, మిగతా ఇద్దరితో కూర్చుని తింటుంది. ఒక నిమిషం పాటు ఎవరూ మాట్లాడరు, చెంచాల చప్పుడే. తరవాత లైటు మెల్లగా తగ్గాలి. ఆ నిమిషం నాకు మింగుడుపడలేదు. "మా తెనాలిలో ఇంతసేపు మాట లేకపోతే, ఒరేయ్ ప్రాంప్టరు నిద్రపోయాడురా అని అరుస్తారండీ" అన్నాను. పగలబడి నవ్వారు. "మీ ఊరి జనం మా సెన్సారు కంటే ఘోరం! సెన్సారువాడు మూడో వరసలో కూర్చుని మాటలు కొట్టేసేవాడు. మాటల్లేని చోట ఏం కొట్టేయాలో తెలిసేది కాదు. అందుకే నేను మాటల్లేకుండా చెప్పడం నేర్చుకున్నాను" అన్నారు.

తొలి ప్రదర్శనకి వారం ముందు ప్రివ్యూ వేశాం. ఆ నిమిషంలో కొందరు దగ్గారు. ముందు వరసల్లో సీజన్ టికెట్ల పెద్దమనుషులు నలుగురు లేచి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున వాల్టర్ లెషెక్ గారిని పిలిచి, నిమిషాన్ని పది సెకన్లు చెయ్యమన్నాడు. ఆయన చెయ్యనన్నారు. మధ్యాహ్నానికి ఆయన చేతిలో కాగితం పెట్టారు, ఒప్పందం రద్దు.

వాల్టర్ చేసింది ఆ నిమిషాన్ని కొయ్యడమే. ఇంకేం లేదు. కుర్చీ జరపలేదు, నటి చెయ్యి జరపలేదు. నా పుస్తకంలో లెషెక్ గారు చెప్పగా రాసినవి పేజీలకు పేజీలు ఉన్నాయి. వాల్టర్ చెప్పి చెరిపించింది ఒకే ఒక్క పంక్తి. ప్రోగ్రామ్ పుస్తకంలో మాత్రం 'దర్శకత్వం: వాల్టర్'. పత్రికలవాళ్ళు దర్శకుణ్ణి తెగ మెచ్చుకున్నారు. వాల్టర్ ఆ కాగితాలు కత్తిరించి లాబీలో అంటించాడు.

వసంతం వచ్చాక ఒక మధ్యాహ్నం లెషెక్ గారు స్టేజ్ వెనక తలుపు దగ్గరికి వచ్చారు. ఒక యూనివర్సిటీ నాటకశాఖలో ఉద్యోగం దొరికేలా ఉంది, దొరికితే వీసా కూడా వాళ్ళే చూసుకుంటారు అన్నారు. వాళ్ళు అడిగింది ఒక్కటే, అమెరికాలో మీరు డైరెక్ట్ చేసినట్టు ఆధారం చూపించమని. ప్రోగ్రామ్‌లో ఆయన పేరు లేదు.

"మీ పుస్తకంలోంచి ఓ పది పేజీలు కాపీ ఇస్తారా? ఇవి నేను చెప్పగా రాసినవని కింద రెండు ముక్కలు రాసి సంతకం పెడితే చాలు" అన్నారు.

ప్రాంప్ట్ బుక్ థియేటర్ ఆస్తి, పర్మిషన్ లేకుండా బయటికి ఇవ్వకూడదు, అది రూలు అన్నాను. అది నిజంగానే రూలు. వాల్టర్‌ని అడిగి చూస్తానన్నాను. అడగలేదు. ఆయన "సరే, ప్రసాద్ గారూ" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి చెబితే సుశీల బ్యాగ్ కూడా దించకుండా నిలబడి వింది.

"ఒక లెటర్ రాసిస్తే మీ జాబ్ పోతుందా?"

"పోవచ్చు."

"అయితే జాబ్ పోతుందని భయపడ్డానని చెప్పండి. రూలు అనకండి. ఆ పుస్తకాన్ని బైబిల్ కన్నా జాగ్రత్తగా దాస్తున్నారుగా, దాంట్లో ఉన్నది నిజమని చెప్పడానికి నోరెందుకు రాలేదు?"

ఆ ఉద్యోగం ఆయనకి రాలేదు. కిటికీ తలుపులు తయారుచేసే షెడ్డులో చేరారని తెలిసింది. ఇంగ్లీషు, జర్మన్, రష్యన్ వచ్చిన మనిషి, నటుడు ఊపిరి పీల్చే తీరు చూసి అబద్ధమాడుతున్నాడో లేదో చెప్పగల మనిషి, రోజుకి ఎనిమిది గంటలు గరుకు కాగితంతో చెక్క రుద్దారు. అమెరికాలో మళ్ళీ నాటకం ఆడించలేదు.

కొన్నేళ్ళకి మా థియేటర్ తన చరిత్ర చెప్పే బొమ్మల పుస్తకం వేసింది. అందులో ఆ నాటకానికి రెండు పేజీలు. తల్లి కంచం పెడుతున్న ఫోటో, కింద 'వాల్టర్ అపూర్వ సృష్టి'. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి మీ ఆసక్తికి ధన్యవాదాలన్నారు. మూడోదానికి, మా రికార్డుల ప్రకారం దర్శకుడు వాల్టరే అని మేనేజరు సంతకం పెట్టి పంపాడు. రికార్డు రాసింది నేను! ఆ ప్రాంప్ట్ బుక్ ఆయన ఆఫీసు కిందే, నా అలమరలో ఉంది.

అప్పుడు పుస్తకం మొత్తం ఆఫీసు మెషీన్ మీదే కాపీ తీశాను. ఎవర్నీ పర్మిషన్ అడగలేదు. అక్కడ సైనిక పాలన పోయాక లెషెక్ గారు తమ దేశానికి తిరిగి వెళ్ళిపోయారని పోలిష్ బేకరీలో చెప్పారు, అడ్రసు కూడా వాళ్ళే ఇచ్చారు. కాపీలన్నీ పంపి, వీటితో థియేటర్ మీద లాయరు ద్వారా వెళదాం, కోర్టులో సాక్ష్యం నేను చెబుతాను, మీరు ఊ అనండి చాలు అని రాశాను. నా కోపమంతా ఆ ఉత్తరంలో పెట్టాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. స్టేజ్ మేనేజర్ పుస్తకం సాక్ష్యం. సాక్ష్యం అవసరమున్న మనిషి వచ్చి అడిగిన రోజున ఇవ్వాలి. ఆ తరవాత ఇస్తే అది ఒట్టి కాగితం. వాల్టర్ చేసింది దొంగతనమని ఇప్పటికీ అంటాను, ఎవరు అడిగినా అంటాను. 1989 ఆఖర్లో వచ్చిన జవాబుని కూడా ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

"ప్రసాద్ గారూ, కాపీలు చేరాయి. చాలా శుభ్రంగా రాశారు. నేను మరచిపోయినవి కూడా ఇందులో ఉన్నాయి. కోర్టు వద్దు. ఇక్కడ మళ్ళీ ఒక చిన్న బృందం మొదలుపెట్టాను, పని చాలా ఉంది. వాల్టర్ మీద, ఆ థియేటర్ మీద మీ కోపం న్యాయమైనదే. నాకు మాత్రం వాళ్ళ మీద ఎన్నడూ కోపం రాలేదు. వాళ్ళు నాకు పరాయివాళ్ళు. మీరు కాదు."