గురువారం చేతి పట్టీ

కోరుట్లలో బీడీలు చుట్టే భూమవ్వకు పదేళ్లుగా షుగరు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి, ఎవరెంత చెప్పినా చాయ్‌లో చక్కెర మానలేదు. ఆమె భయమంతా కిడ్నీల గురించే. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడిపిన అన్న, కాళ్లు వాచేదాకా జబ్బు సంగతే తెలియక, చివరికి డయాలసిస్ సూదుల మధ్యే పోయాడు.

అందుకే జగిత్యాల నుంచి వచ్చిన నర్సు తిరుమల, కొత్త పట్టీని పరీక్షిస్తున్నాం, వారం రోజులు ఎవరు పెట్టుకుంటారని అడిగితే, అందరికంటే ముందు భూమవ్వే చెయ్యి చాపింది. గడియారంలా మణికట్టుకు బిగించే మెత్తని పట్టీ, ఎటు వంచితే అటు వంగుతుంది. అందులో కంటికి కనపడనంత సన్నని పదార్థమేదో ఉందట. కిడ్నీ దెబ్బతినబోయే సూచనను చెమటలోనే పసిగడుతుందట. అది నిజమో కాదో తేల్చడానికే ఈ పరీక్ష. నీళ్లలో తడపొద్దని తిరుమల మరీ మరీ చెప్పింది.

గురువారం బీడీలు చుట్టే తునికాకు నానబెట్టే పని పడింది. మోచేతుల దాకా నీళ్లే. పట్టీ తీసి గూట్లో పెడితే ఒక రోజు వృథా. మనిషి చేతికి ఉంటే చాలదా అనుకుని, తన తెలివికి తానే మురిసిపోతూ, కుట్టుమిషన్ తొక్కుతున్న బిడ్డ రాధిక చేతికి కట్టింది. సాయంత్రం మళ్లీ తానే పెట్టుకుంది.

పట్టీ తిరిగి ఇచ్చాక ఆమెకు అన్నం సహించలేదు. ఫోన్ మోగినప్పుడల్లా చుడుతున్న బీడీ వదిలేసి లేచింది. చివరికి తిరుమలే చేసింది. ఆరు రోజులూ బాగానే ఉందనగానే భూమవ్వ కొండగట్టు అంజన్నకు దండం పెట్టుకుంది.

"బేస్తారం ఒక్కనాడే శానా ఎక్కువ చూపించిందవ్వా," అంది తిరుమల. "పట్టీలనే ఏదో తప్పుంటది. గురువారం లెక్క కొట్టేస్తం."

భూమవ్వ తలెత్తి చూసింది. ఎదురుగా రాధిక జాకెట్టు కుడుతోంది. కడుపుతో ఉన్నప్పుడు దానికి షుగరు వచ్చింది. కాన్పుతో పోయిందనుకుని మళ్లీ ఎవరూ చూపించలేదు. దానికింకా ముప్పై ఏళ్లు నిండలేదు. చెబితే నర్సు చీవాట్లు పెడుతుంది, పరీక్ష నుంచి తీసేస్తుంది. ఊరుకుంటే ఏ గొడవా లేదు. పట్టీదే తప్పు కావాలని ఆ తల్లి ఎంత కోరుకుందో చెప్పలేం.

"కొట్టెయ్యకు బిడ్డా," అంది భూమవ్వ. "గా దినం అది నా చేతికి లేదు. మా రాధిక చేతికుండె."