పాడేరులో నన్ను అక్కా అనాలి

విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కాను. అద్దాల పెట్టెలో టిక్కెట్టు దొరక్క జనరల్‌లో కూలబడ్డాను. సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టిన కుర్రకారంతా, ఇంకా తనివితీరక, గుహల్లో అరవడానికి బొర్రాలో దిగిపోయారు. అరకులో మధ్యాహ్నం బొంగు చికెన్ తిన్నాను. చికెన్ కన్నా బొంగే మెత్తగా ఉంది.

మర్నాడు పాడేరు బస్సులో నా పక్కన బుద్రి అని ఓ ఇరవయ్యేళ్ల అమ్మాయి కూర్చుంది, ఒళ్లో ఐదేళ్ల పిల్లతో. దారి పొడుగునా దానికి పాఠమే.

"నన్నేటనాల?"

"అక్కా."

ఆరా తీయకుండా ఊరుకునే మనిషిని కాను. ఆ పిల్ల బుద్రి కూతురేనట. తొమ్మిదో తరగతిలో కడుపొచ్చి హాస్టల్ వదిలేసింది, మొన్నమొన్ననే ఓపెన్ టెన్త్ గట్టెక్కింది. ఇన్నాళ్లూ కాఫీ పళ్లు కోసే కూలి, అదీ సీజన్ ఉన్నంతవరకే. ఇప్పుడు పాడేరు బట్టల షాపులో నెల జీతం పని ఉందట. ఆ జీతంతో ఇంటర్ కట్టాలని ఆశ. కానీ పిల్లల తల్లులు సెలవులడుగుతారని షావుకారు వాళ్లను పనిలో పెట్టుకోడు. ఆయన్ని వాళ్లమ్మ సెలవడక్కుండా, రాత్రి షాపు మూసేశాక కన్నట్టుంది.

పాడేరులో పిల్లను నాకప్పగించి బుద్రి షాపులోకి వెళ్లింది. ఎదుటి కొట్లో నేను టీ తాగేలోగా ఆ పిల్ల నా బజ్జీలు కూడా తినేసింది. కాసేపటికి బుద్రి నవ్వుతూ గుమ్మంలోకొచ్చింది. రేపట్నుంచే వచ్చేయమంటూ వెనకే షావుకారు. తల్లిని చూసి పిల్ల పరుగెత్తింది, మెట్టు తగిలి బోర్లా పడింది. మోకాలు గీరుకుపోయింది. దెబ్బ తగిలితే ముసలాళ్లం కూడా అమ్మా అంటాం. అది మాత్రం అక్కా అని ఏడ్చింది.

షావుకారు కరిగిపోయాడు. "పాపం, పడినా అక్కా అంతంది. తల్లి లేదేటి దీనికి?"

లేదని తల ఊపితే చాలు, ఉద్యోగం ఖాయం. ఊపేయవే అని నేను లోలోపల మొక్కుకున్నాను.

"ఉన్నాది బాబు," అంది బుద్రి. "నేనే."

ఆయన చూద్దాంలే అన్నాడు. అంటే రావద్దని.

తిరుగు బస్సులో నేను ఆయన్ని తిట్టిన తిట్లకు ముందు సీటాయన వెనక్కి తిరిగి మరీ విన్నాడు. అరకు వెళ్లేవాళ్లు గుహలూ తోటలూ చూసి రండి, బాగుంటాయి. నాకు మాత్రం ఆ రోజు కిటికీలోంచి ఏ కొండా కనిపించలేదు, ఏడుపొచ్చింది. బుద్రి ఏడవలేదు. మళ్లీ కాఫీ కోతలకే పోతానంది.

బస్సు కొండ మలుపు తిరుగుతుండగా పిల్ల తల్లి చెవి దగ్గరకు జరిగి మెల్లగా అడిగింది. "షాపు దాటిపోనాం కదా. ఇంక అమ్మా అనొచ్చా?"

"అనమ్మా," అంది బుద్రి. "గట్టిగా అను."