మంగతాయారు మూలుగలో కొవ్వు

కరోనాకి రెండేళ్ళ ముందు మాట ఇది. రాజమండ్రిలో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా నా ఆఖరి సంవత్సరాలు. "ఎముకలో కూడా కొవ్వుంటుందా అమ్మమ్మా?" అని మొన్న ఫోన్లో అడిగావు కదా. ఉంటుంది నాన్నా. ఆ కొవ్వు గురించి నోరు జారి ఒకసారి నేను తల దించుకోవాల్సి వచ్చింది.

ఎముక లోపలుండే మెత్తటి పదార్థం మూలుగ. ఆస్పత్రిలో బోన్ మారో అంటాం. రక్తం తయారయ్యేది అక్కడే. పుట్టినప్పుడు అదంతా ఎర్రగా ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ కొంత చోటు కొవ్వు కణాలు తీసుకుంటాయి, అక్కడ పసుపు రంగుకి తిరుగుతుంది. అది జబ్బేమీ కాదు.

నరసాపురం దగ్గర్నుంచి మంగతాయారు అనే ఆవిడ అత్తగారితో వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. లేసు అల్లుతుంది. మనిషి పుల్లలా ఉంది, రక్తం బాగా తక్కువ. తుంటి ఎముక నుంచి సన్నటి ముక్క తీసి పరీక్ష చేశారు. దాన్ని బయాప్సీ అంటారు. రక్తం తయారుచేసే కణాలు తగ్గాయని, రెండు వారాలు మందులు వాడి రమ్మని, అప్పటికీ రక్తం పడిపోతుంటే విశాఖపట్నం పెద్దాస్పత్రికి పంపక తప్పదని డాక్టరమ్మ చెప్పారు. మూలుగ పనిచేయడం మానేసిందేమోనని డాక్టరమ్మ భయం.

మంగతాయారు బయటికొచ్చి నన్నడిగింది. "అందులో ఏం కనిపించిందండి?"

"మూలుగలో కొవ్వెక్కువుందమ్మా," అని నా పనిలో నేను పడిపోయాను.

రెండు వారాలకి వచ్చారు. హిమోగ్లోబిన్ ఇంకా తగ్గింది. డాక్టరమ్మ విశాఖకి ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. ఆ కాస్త సేపట్లో మాట కలిపాను.

"మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానండి. పథ్యం కూడా గట్టిగా చేస్తున్నా. చేప, గుడ్డు, పెరుగు అన్నీ మానేశా. పొద్దున్నే కాలవ గట్టు మీద నడుస్తున్నా."

"ఎందుకమ్మా?"

"కొవ్వు కరగాలి కదండి. మీరేగా చెప్పారు."

అత్తగారు అందుకుంది. "మా కోడలికి కొవ్వుందని పదేళ్ళ నించీ నేను చెప్తానే ఉన్నానండి. ఒక్కళ్ళు నమ్మలేదు. ఆఖరికి మీ మిషన్లో దొరికింది."

నాకు నవ్వొచ్చింది గానీ మధ్యలోనే ఆగిపోయింది. "అంతకు ముందేం తినేవారు?" అని అడిగాను.

"ఆర్నెల్ల నించీ లేసు ఆర్డర్లు వరసగా ఉన్నాయండి. కూర్చుంటే లేవబుద్ధి కాదు. టీ, బన్ను, అంతే."

పరుగున వెళ్ళి డాక్టరమ్మకి మంగతాయారు తిండి సంగతి నా తప్పుతో సహా చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టి, "ముందు ఆ ఎముక ముక్క స్లైడు చూపించండి ఆవిడకి," అన్నారు.

మంగతాయారు మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. "ఇదేంటండి, లేసులా ఉంది?"

"ఆ కన్నాలే కొవ్వు. స్లైడు తయారుచేసేటప్పుడు కొవ్వు కరిగిపోయి ఖాళీ మిగులుతుంది. మధ్యలో ఊదారంగు చుక్కలు రక్తం తయారుచేసే కణాలు."

చాలాసేపు చూసింది. "తప్పు కన్నాలది కాదండి. దారం చాలలేదు. దారం చాలకపోతే మేమూ ఇలాగే కన్నాలు పెద్దవి వేసి లాగించేస్తాం."

అంత బాగా నేను చెప్పలేకపోయేదాన్ని. "ఒంటి మీద కొవ్వు తిండి మానితే తగ్గుతుంది. మూలుగలోది అందుకు తలకిందులు. తిండి చాలకపోతే అక్కడ పెరుగుతుంది," అన్నాను.

అత్తగారు కోడలిని కిందికీ మీదికీ చూసింది. "అయితే దీని కొవ్వు తగ్గాలంటే నేను దగ్గరుండి తినిపించాలా?"

"అవునండి."

"నా ఖర్మ. పదవే, చేపలు కొనుక్కుని పోదాం."

ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తిండి పెంచమని డాక్టరమ్మ రాసిచ్చారు. వారం వారం రక్తం చూశాం. మొదటి వారం కదల్లేదు. రెండో వారం తగ్గడం ఆగింది. మూడో వారం నుంచి పెరిగింది. విశాఖ వెళ్ళే పని లేకపోయింది. కొన్ని నెలలకి వచ్చినప్పుడు బుగ్గలు నిండి ఉన్నాయి. "ఇప్పుడు మిషనక్కర్లేదండి, పైకే కనపడతంది," అంది అత్తగారు.

కొవ్వు అనే మాటకి నా బల్ల మీద ఒక అర్థం, వాళ్ళ వంటింట్లో ఇంకో అర్థం. ఆ తర్వాత ఎవరినీ "అర్థమైందా?" అని అడగలేదు. అర్థమైందనే అంటారు ఎవరైనా. "ఇంటికెళ్ళి ఏం వండుతారు?" అని అడిగేదాన్ని.